లగ్గాల సీజన్ దాటేదాకా చేతులు నిలవాలంటే: వాయిద్య కళాకారుల ఒంటి నొప్పులకు సమగ్ర మార్గదర్శి

మూఢం పోయి లగ్గాలు మొదలయ్యాయంటే చాలు, వారం పది రోజుల్లో హనుమకొండలో మా ఫిజియోథెరపీ సెంటర్‌కు డప్పు వాళ్లు, ఒగ్గుడోలు వాళ్లు, బ్యాండు వాళ్లు వరసకడతారు. అందరిదీ దాదాపు ఒకటే మాట: "సారూ, నరం పట్టింది, ఒక సూది వేయించండి, రాత్రికి బరాత్ ఉంది." సూది వేయడం నా పని కాదు. అయినా చూస్తే, వాళ్లలో ఎక్కువమందికి నరం ఏమీ పట్టి ఉండదు. కండ ఎముకకు అతుక్కునే చోట ఉండే టెండన్ ఒరుసుకుపోయి, నొప్పి పుడుతూ ఉంటుంది. దాని నోరు మూయించి ఇంకో ఆరు గంటలు వాయిస్తే రెండు వారాల్లో తగ్గాల్సింది ఆరు నెలలు పడుతుంది.

ఈ బాధ మన దగ్గరే ఉందనుకోవద్దు. 1988లో వెలువడిన ఒక సర్వేలో అమెరికా సింఫనీ ఆర్కెస్ట్రాల్లో పనిచేసే రెండు వేల మందికి పైగా సంగీతకారులను అడిగితే, వాయించడానికి అడ్డొచ్చేంత ఇబ్బంది కనీసం ఒకటైనా ఉందని 76 శాతం మంది చెప్పారు. హాల్లో కుర్చీ వేసుకుని, విరామాలు తీసుకుంటూ వాయించేవాళ్ల సంగతి అది. మే నెలలో వేడెక్కిన తారు రోడ్డు మీద, ఒకపక్క డీజే బాక్సులు, ఇంకోపక్క జనరేటర్ పొగ, భుజాన డోలుతో నాలుగు గంటలు నడిచే మనవాళ్లను ఎవరైనా అలా లెక్కపెట్టి అడిగినట్టు నేను వినలేదు.

నేను చూసినంతలో దెబ్బకు అసలు కారణం వయసూ కాదు, ఒంట్లో సత్తువ లేకపోవడమూ కాదు. నిన్నటిదాకా సున్నా గంటలు, ఇవాళ ఆరు గంటలు. ఈ ఒక్క లెక్క సరిచేసుకుంటే సగం కేసులు నా దగ్గరికి రావు, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

1. ముందు పంచాంగం తీయండి

ఆషాఢంలో లగ్గాలుండవు, మూఢంలో ఉండవు. ఆ నెలంతా డప్పు గోడకు వేలాడుతుంది, శ్రావణంలో మొదటి ముహూర్తానికి ఒకే రోజు రెండు ఒప్పుకుంటాం, బయానా ముందే తీసుకున్నాం కాబట్టి. కండలు వారం పది రోజుల్లో పనికి అలవాటుపడతాయేమో గానీ టెండన్లకు అంత తొందర ఉండదు, వాటికి వారాలు పడుతుంది. కాబట్టి సీజన్‌కు నాలుగు వారాల ముందు వాయిద్యం దించండి. మొదటి వారం రోజుకు రెండు విడతలు, పావుగంట చొప్పున, మెత్తగా. రెండో వారం విడతకు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. మూడో వారం నిలబడి, భుజాన బరువుతో, నలభై నిమిషాలు. నాలుగో వారంలో ఒకటి రెండు రోజులు రెండు గంటల దాకా పోవచ్చు, మధ్యలో ఆగుతూ. వారంలో ఒకరోజు పూర్తిగా ముట్టుకోవద్దు.

ఇంకో లెక్క కూడా వేయాలి. మనలో ఎంతమంది వట్టి వాయిద్యం మీదే బతుకుతున్నారు? పొద్దంతా ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు ఎత్తి, లేదా చేనులో పత్తి ఏరి, లేదా ఆటో నడిపి సాయంత్రం డోలు కట్టుకునేవాళ్లే ఎక్కువ. చేతికి పని ఏదైనా పనే. బస్తాల రోజు, బరాత్ రోజు ఒకటి కాకుండా చూసుకోగలిగితే చూసుకోండి. కుదరకపోతే ఆ రాత్రి బృందంలో తేలిక పాత్ర మీరు తీసుకోండి. అలాగే ఐనవోలు జాతరకో మేడారానికో పోయి రాత్రుళ్లు నిద్ర లేకుండా వాయించి వచ్చిన మర్నాడే పెండ్లి ఒప్పుకోవద్దు. నిద్ర చాలని ఒంటికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది, గాయం మానడమూ ఆలస్యమవుతుంది.

2. వాయిద్యాన్ని ఒంటికి తగ్గట్టు సరిచేయండి

డప్పుతో మొదలుపెడదాం. మంచు పడే రాత్రి, వాన రాత్రి తోలు సడలిపోతుంది. సడలిన తోలు మీద మోత రావాలంటే రెట్టింపు బలంతో కొట్టాలి, ఆ బలమంతా మణికట్టు, మోచేయి కడతాయి. మోత మందగించింది అనిపించిన వెంటనే ఆగి మంటకు కాచుకోండి, "ఈ ఒక్క దరువు అయ్యాక" అనుకోవద్దు. ఫైబర్ మూత డప్పులకు ఈ గొడవ లేదు గానీ ఆ నాదం వేరు, దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లది.

సిర్ర, అంటే కుడిచేత్తో డప్పు కొట్టే కర్ర, దాని పట్టు చూసుకోండి. ఒక చిన్న పరీక్ష ఉంది. మీరు వాయిస్తూ ఉండగా పక్కవాణ్ని మీ చేతిలోని సిర్రను ఉన్నట్టుండి లాగమనండి. సులువుగా జారి వచ్చేస్తే పట్టు సరిగ్గా ఉంది. చేయి మొత్తం దానితోపాటే వచ్చిందంటే మీరు పిడికిలి బిగించి వాయిస్తున్నట్టు, బొటనవేలి మొదట్లో నొప్పి ఇవాళ కాకపోతే వచ్చే నెల వస్తుంది. చెమటకు జారుతుందని బిగిస్తున్నారా? పట్టుకునే చోట పాత నూలు గుడ్డ రెండు మూడు చుట్లు చుట్టండి, కాస్త లావైన పిడికి తక్కువ బిగింపు చాలు. ఎడమచేతి సిటికెన పుల్లకూ ఇదే మాట. డప్పు అంచు ముంజేతికి ఒత్తుకునే చోట గుడ్డ మడత పెట్టుకోండి, గంటల తరబడి ఒకేచోట ఒత్తిడి పడితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఒగ్గుడోలు కథ వేరు. బరువంతా మెడకు వేసిన ఒక సన్నటి తాడు మీద ఉంటే మెడ ముందుకు వంగి, భుజాలు చెవుల దాకా లేచి, పొద్దున్నే మెడ పట్టేస్తుంది. నాలుగు వేళ్ల వెడల్పున్న పట్టీ వాడండి, అది రెండు భుజాల మీదుగా వీపున అడ్డంగా పోయేలా కుట్టించుకోండి, నడుముకు ఇంకో బెల్టు కట్టి బరువులో కొంత తుంటి మీదికి దించండి. డోలు ఎత్తు ఎంత ఉండాలంటే, భుజాలు వదులుగా వేలాడదీసినప్పుడు మోచేతులు ఇంచుమించు లంబకోణంలో వంగాలి. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి వాయించే విన్యాసాలుంటే, కింద నిలబడేవాణ్ని ప్రతి ప్రదర్శనకూ మార్చండి. బలంగా ఉన్నాడని ఎప్పుడూ ఒక్కడినే నిలబెడితే ముందు పోయేది వాడి నడుమే.

క్లారినెట్ వాళ్లకు కుడి బొటనవేలు మోస్తుంది మొత్తం బరువు. మెడకు తగిలించే పట్టీ దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు, కొనండి. ట్రంపెట్ వాళ్లు అలసిపోయాక గొట్టాన్ని పెదవులకు గట్టిగా అదుముతారు, అక్కడే పెదవి చిట్లుతుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడికే 1930ల్లో పెదవి దెబ్బతిని చాలాకాలం ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. వాయించినంతసేపు విశ్రాంతి ఇవ్వగలిగితే అదే మందు. కీబోర్డు, ప్యాడ్ వాళ్లు స్టాండు ఎత్తు ప్రతిసారీ సరిచేసుకోవాలి, నిన్న వాయించినవాడి ఎత్తుకు వాయించవద్దు. మృదంగం, తబలా, వీణ నేర్చుకునే పిల్లలు గంటలు గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. దుప్పటి మడిచి పిరుదుల కింద వేసుకుంటే తుంటి మోకాళ్ల కన్నా కాస్త ఎత్తుకు వస్తుంది, నడుము నిటారుగా నిలుస్తుంది.

3. మేళం ఎత్తే ముందు పది నిమిషాలు

పుష్యమాసం చలిలో, తెల్లారుజామున, గడ్డకట్టిన వేళ్లతో నేరుగా జోరు దరువు ఎత్తుకోవద్దు. డప్పులు కాచుకోవడానికి ఎలాగూ మంట వేస్తారు కదా, చేతులూ అక్కడే కాచుకోండి. తర్వాత భుజాలు వెనక్కి పదిసార్లు తిప్పండి, చేతులు పైకెత్తి దించండి, మణికట్లు రెండువైపులా గుండ్రంగా తిప్పండి, వేళ్లు బాగా చాచి మళ్లీ ముడవండి. గుంజి గుంజి నిమిషాల తరబడి సాగదీయడం ఇప్పుడొద్దు, అది వాయించడం అయ్యాక. మొదటి అయిదు నిమిషాలు తేలిక దరువు, సగం బలం. పెండ్లివారు "గట్టిగా కొట్టండి" అని అరుస్తారు, వాళ్లు ఎలాగూ రాత్రంతా అరుస్తూనే ఉంటారు.

4. బరాత్ నడుస్తుండగా

ఇరవై అయిదు నిమిషాలు వాయిస్తే అయిదు నిమిషాలు చేతులు వేలాడదీయాలి. ఎనిమిది మంది బృందమైతే ఎప్పుడూ ఇద్దరు ఊరికే నడుస్తూ ఉండేలా పెద్దన్న ముందే వరస చెప్పాలి. ఈ మాట బేరం దగ్గరే పెండ్లివారికి చెప్పి ఒప్పించడం మేలు, లేకపోతే వాయించని ఇద్దరికి పైసలు ఎందుకని అడుగుతారు. ఎండాకాలమైతే దాహం వేసేదాకా ఆగవద్దు, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్ నీళ్లో గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. చెప్పులు వద్దు, మడమ దగ్గర మెత్తగా ఉన్న బూట్లు వేసుకోండి.

డీజే బండి పక్కనే నడవడం రెండు రకాలుగా చెడ్డది. ఆ మోతలో మన దరువు మనకే వినిపించక చేయి దానంతటదే బలం పెంచేస్తుంది. రెండోది చెవి. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండటం పైహద్దు అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది: 88కి నాలుగు గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంటే. బాక్సుల ముందు 100 దాటడం మామూలు సంగతి. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి అయిదు మీటర్ల నుంచి పది మీటర్లకు జరిగినా పెద్ద లాభమే.

చెవిలో దూది పెట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు, దాని వల్ల పెద్దగా ఒరిగేది లేదు. మందుల షాపులో దొరికే నురగ ఇయర్‌ప్లగ్ తీసుకుని, వేళ్ల మధ్య సన్నగా వత్తిలా నలిపి, ఎదుటి చేత్తో నెత్తి మీదుగా చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి అరనిమిషం వేలితో నొక్కి ఉంచాలి. సగం బయటే వేలాడుతుంటే పెట్టుకున్నట్టు కాదు. సంగీతకారుల కోసమే చేసే ప్లగ్గులు కూడా ఉన్నాయి, అవి అన్ని స్వరాలనూ ఒకే మోతాదులో తగ్గిస్తాయి, పక్కవాడి తాళం స్పష్టంగా వినిపిస్తుంది. మర్నాడు కూడా చెవిలో గుయ్‌మని మోగుతుంటే ఆ చెవికి దెబ్బ తగిలిందనే అర్థం, చచ్చిన వినికిడి కణాలు మళ్లీ పుట్టవు.

ఒగ్గు కథ చెప్పేవాళ్లు, పాట పాడేవాళ్లు గొంతు బొంగురుపోతే మాట తగ్గించండి, గుసగుసలాడటం కూడా గొంతుకు భారమే. మూడు వారాలైనా బొంగురు పోకపోతే, ముఖ్యంగా గుట్కా, బీడీ అలవాటున్నవాళ్లు, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాల్సిందే.

5. నొప్పి ఎక్కడిదో తేల్చుకోండి

బొటనవేలిని అరచేతిలోకి ముడిచి, మిగతా వేళ్లతో దాన్ని మూసి పిడికిలి చేయండి. ఇప్పుడు మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి కింద, మణికట్టు అంచున చురుక్కుమని పొడిస్తే అక్కడి టెండన్ తొడుగు వాచి ఉండొచ్చు. డాక్టర్లు డీ క్వెర్వెయిన్ అంటారు, సిర్ర బిగించి పట్టేవాళ్లకు నేను తరచూ చూసేది ఇదే.

రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడేలా నిమిషం పాటు ఉంచండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోంది. రాత్రి నిద్రలో తిమ్మిరికి మెలకువ వచ్చి చేయి విదిలించుకునేది కూడా ఇదే. పడుకునేటప్పుడు మణికట్టు నిటారుగా ఉండేలా స్ప్లింట్ (వంగకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ) కట్టుకుంటే చాలామందికి హాయినిస్తుంది. తిమ్మిరి చిటికెనవేలు వైపుంటే మోచేతి దగ్గర నరం చూడాలి, ఫోన్ పట్టుకుని చేయి వంచి పడుకోవడం మానాలి.

వేలు ముడిస్తే ఇరుక్కుపోయి టక్కుమని తెరుచుకుంటోందా, చేయి వెనక్కి పెట్టి చొక్కా దోపుకోలేకపోతున్నారా, ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు ఈ వేలు ఇరుక్కోవడం, భుజం బిగుసుకోవడం ఎక్కువ. షుగర్ అదుపులో లేకుండా నేను ఎన్ని వ్యాయామాలు చేయించినా ముందుకు సాగదు.

నొప్పే లేకుండా వచ్చేది ఒకటుంది, జనం తొందరగా గుర్తుపట్టరు. మామూలు పనులన్నీ చేయగల చేయి, వాయిద్యం మీద పెట్టగానే ఒక వేలు దానంతటదే ముడుచుకుపోతుంది లేదా లేచిపోతుంది. సాధన తగ్గిందేమోనని ఇంకా గట్టిగా సాధన చేస్తారు, ఇంకా ముదురుతుంది. ఇది ఫోకల్ డిస్టోనియా, చేతిది కాదు మెదడులో కదలికల అమరికకు సంబంధించిన సమస్య. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1960ల్లో కుడిచేతికి వచ్చింది, దశాబ్దాల పాటు ఎడమచేత్తో మాత్రమే వాయించే రచనలతో నెట్టుకొచ్చి, 1990ల్లో బోటాక్స్ చికిత్స తర్వాత మళ్లీ రెండు చేతులతో కచేరీలు చేశాడు. దీనికి న్యూరాలజిస్టు కావాలి, నాటువైద్యం కట్లు కాదు.

6. దెబ్బ తగిలాక మొదటి మూడు రోజులు

వాపు, వేడి ఉన్న కొత్త దెబ్బకు ఐస్. నేరుగా కాదు, తడిగుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. వేడి కాపడం, గట్టిగా మర్దన చేయించడం ఈ మూడు రోజులు వద్దు. పాత బిగుసుకుపోయిన మెడకు, నడుముకు వేడి బాగా పనిచేస్తుంది, ఆ తేడా గుర్తుపెట్టుకోండి. నొప్పి తెప్పించే పని ఆపండి, కానీ చేయిని మెడకు వేలాడదీసి వారాల తరబడి కదపకుండా ఉంచకండి. నొప్పి లేనంత మేర కదుపుతూనే ఉండాలి, లేకపోతే కీలు బిగుసుకుంటుంది.

గోలీల సంగతి. డైక్లోఫెనాక్ లాంటివి డాక్టర్ చెప్పినన్ని రోజులు, తిన్న తర్వాత వేసుకోవడం వేరు. ప్రతి బరాత్‌కు ముందు ఒకటి మింగి, మీద మందు తాగి, ఎండలో చెమట కార్చడం వేరు. మొదటిది చికిత్స, రెండోది కడుపులో పుండుకూ కిడ్నీ దెబ్బకూ దారి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి వేయించుకునే సూది రెండు రోజులు హాయిగా అనిపిస్తుంది, ఆ రెండు రోజుల్లోనే మీరు ఉన్న దెబ్బను పెద్దది చేసుకుంటారు. ఆర్థో డాక్టర్ సరైన చోట చూసి వేసే స్టెరాయిడ్ సూదిని మాత్రం దీంతో కలపవద్దు. డీ క్వెర్వెయిన్‌కూ ఇరుక్కునే వేలికీ అది బాగా పనిచేస్తుంది, ఒకటి రెండు సార్లకు మించకుండా.

ఇవి కనిపిస్తే నా లాంటి వాళ్ల దగ్గరికి కూడా రాకుండా నేరుగా ఆస్పత్రికి పొండి: చేతిలోంచి వస్తువులు జారిపోవడం, ఎంతకూ తగ్గని తిమ్మిరి, బొటనవేలి మొదట్లో కండ పలచబడటం, జ్వరంతో పాటు ఎర్రగా వాచిన కీలు. వట్టి అరచేతులతో గంటల తరబడి బలంగా వాయించాక మూత్రం ఎర్రగా లేదా కోలా రంగులో వస్తే అది కూడా. అరచేతిలో ఎర్ర రక్తకణాలు నలిగి పగిలితే అలా వస్తుంది, తేలిగ్గా తీసుకోకూడదు. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే అదే రోజు ఈఎన్‌టీకి, చికిత్స ఎంత తొందరగా మొదలైతే అంత వినికిడి మిగులుతుంది.

7. మళ్లీ వాయించడం

నొప్పి తగ్గిందని తెల్లారే పూర్తి మేళానికి పోతేనే అది తిరిగి వచ్చేది. ముందు టెండన్‌కు బలం రావాలి. అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, రెండో చేతి సాయంతో మణికట్టు పైకెత్తండి, సాయం వదిలేసి నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించండి. పదిహేను సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. భుజానికి పాత సైకిల్ ట్యూబు చాలు. కిటికీ ఊచకు కట్టి, మోచేయి నడుముకు ఆనించి, ముంజేతిని బయటికి లాగి మెల్లగా వదలండి.

వాయించడం అయిదు నిమిషాలతో మొదలుపెట్టండి, రోజుకు రెండుసార్లు. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. మూడు దాకా ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలైపోతే రెండు మూడు రోజులకోసారి అయిదు నిమిషాలు పెంచవచ్చు. మూడు దాటినా, పొద్దున లేచేసరికి నిన్నటి కన్నా ఎక్కువున్నా వెనకటి మెట్టుకు దిగండి. సమయం పూర్తిగా పెరిగాకే వేగం, వేగం వచ్చాకే బలం. మూడూ ఒకేసారి పెంచొద్దు.

ఈ వారాల్లో సంపాదన పోతుందని తెలుసు, అందుకే బృందంలో ముందే మాట్లాడుకోండి: దెబ్బ తగిలినవాడు తాళమో పాటో అందుకుంటే సగం వాటా అయినా ఇవ్వాలని. కొన్ని బృందాల్లో ఇది ఇప్పటికే ఉంది, అక్కడివాళ్లు నొప్పి దాచుకోరు, తొందరగా వస్తారు, తొందరగా కోలుకుంటారు.

వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన ఓపీకి పోయినా, ప్రైవేటు డాక్టర్ దగ్గరికి పోయినా "చేయి నొప్పి" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. మీ సిర్ర, పట్టీ వెంట తీసుకెళ్లండి. డప్పు తీసుకెళ్లలేకపోతే పక్కనుంచి, ఎదురుగా తీసిన రెండు నిమిషాల వీడియో ఫోన్‌లో పెట్టుకోండి, ఒకటి మేళం మొదట్లోది, ఇంకోటి మూడో గంటలో అలసిపోయినప్పటిది. ఆ రెండోది చూస్తేనే మాకు అసలు సంగతి తెలుస్తుంది.